మిరోస్లావ్ క్లోజె: 16 ప్రపంచకప్ గోల్స్ కొట్టినవాడిని గొప్ప స్ట్రైకర్ల లిస్టులో ఎందుకు చేర్చరు?

#1 సెంటర్ సర్కిల్

నిన్న రాత్రి నిద్ర పట్టక 2014 సెమీఫైనల్ మళ్ళీ పెట్టుకుని చూశాను. బ్రెజిల్ మీద జర్మనీ 7-1. ఆ మ్యాచ్ అనగానే అందరికీ గుర్తొచ్చేది ఆ కాసేపే: 23, 24, 26, 29 నిమిషాల్లో వరసగా నాలుగు గోల్స్. ఆ నాలుగిట్లో మొదటిది ఎవరిదని అడిగితే మాత్రం చాలామంది తడుముకుంటారు. క్లోజెది. ఆ గోల్‌తోనే ప్రపంచకప్‌లో అతని లెక్క 16కి చేరింది, బ్రెజిల్ రొనాల్డో 15 వెనకబడింది. అదీ బ్రెజిల్ గడ్డ మీద, బ్రెజిల్ మీదే, రొనాల్డో టీవీ కామెంటరీ కోసం అదే స్టేడియంలో కూర్చుని ఉండగా.

జర్మనీకి 137 మ్యాచులు, 71 గోల్స్. నాలుగు ప్రపంచకప్‌లు ఆడితే నాలుగిట్లోనూ మెడల్: 2002లో రెండో స్థానం, 2006లో, 2010లో మూడో స్థానం, 2014లో కప్పు. అతను గోల్ కొట్టిన ఏ మ్యాచ్‌లోనూ జర్మనీ ఓడిపోలేదు. ఇంత ఉండి కూడా ఎక్కడైనా 'గొప్ప స్ట్రైకర్లు' అని లిస్టు వేస్తే క్లోజె పేరు కింద ఎక్కడో, లేదంటే అసలు ఉండదు. నాకు ఇది ఎప్పుడూ మింగుడు పడదు. మీరేమంటారు?

(పేరు ఎలా పలకాలో తెలియక నేను చాలాకాలం 'క్లోజ్' అనేవాణ్ణి. జర్మన్లు 'క్లోజె' అంటారు. ఆ గొడవ ఈ థ్రెడ్‌లో పెట్టుకోవద్దు, ప్లీజ్.)

#2 లెక్కల మాస్టారు

పెట్టుకోం లెండి. అసలు గొడవే చాలా ఉంది.

ఆ 16 ఎవరి మీద వచ్చాయో విడదీసి చూద్దాం. 2002లో సౌదీ అరేబియా మీద 3, ఐర్లండ్ మీద 1, కామెరూన్ మీద 1. 2006లో కోస్టారికా మీద 2, ఈక్వెడార్ మీద 2, అర్జెంటీనా మీద 1. 2010లో ఆస్ట్రేలియా మీద 1, ఇంగ్లండ్ మీద 1, అర్జెంటీనా మీద 2. 2014లో ఘనా మీద 1, బ్రెజిల్ మీద 1. మొత్తం 16లో 11 గ్రూప్ దశలోనే వచ్చాయి. నాకౌట్‌లో 5.

రొనాల్డో 15 తీసుకోండి. నాకౌట్‌లో 8. అందులో రెండు ఫైనల్లో. ఆ ఫైనల్లో ఎదురుగా ఆడింది ఎవరు? ఇదే జర్మనీ, ఇదే క్లోజె. పైగా రొనాల్డో 19 మ్యాచుల్లో కొట్టినదానికి ఒక్కటి ఎక్కువ కొట్టడానికి క్లోజెకి 24 మ్యాచులు పట్టాయి. గెర్డ్ ముల్లర్ అయితే 13 మ్యాచుల్లో 14. జస్ట్ ఫోంటెయిన్ 1958లో ఒక్క టోర్నీలో 6 మ్యాచులకి 13.

రికార్డు రికార్డే, కాదనను. కానీ ఎక్కువ కాలం క్యూలో నిలబడినవాడికి ఎక్కువ సరుకు దొరకడం వేరు, గొప్పతనం వేరు.

#3 పాత టీవీ

మాస్టారూ, సౌదీ మీద మూడు కొట్టాడని తీసిపారేయడం తేలికే. ఆ మ్యాచ్ లైవ్‌లో చూశారా? 2002 జూన్ 1, సపోరో. మనకి సాయంత్రం ఐదింటికి మొదలైంది. అప్పుడు నేను డిగ్రీ సెలవుల్లో ఉన్నా. జర్మనీ అంటే చెక్కబొమ్మల్లా ఆడే టీము అని మా అందరికీ ఒక అభిప్రాయం. అంతకు ముందు రెండేళ్ళూ వాళ్ళ ఆట అలాగే ఏడ్చింది కూడా. అలాంటిది 8-0. మధ్యలో ఎవడో ఒకడు గాల్లోకి లేచి తలతో కొట్టడం, పరిగెత్తుకెళ్ళి ముందుకు పల్టీ కొట్టడం. మళ్ళీ కాసేపటికి అదే సీను. మూడోసారికి మా తమ్ముడు 'రీప్లేనా?' అని అడిగాడు. నిజంగా అడిగాడు.

ఆ టోర్నీలో అతను కొట్టిన ఐదు గోల్సూ తలతోనే. ఐదుకి ఐదు. ప్రత్యర్థులు రెండో మ్యాచ్ నుంచి తెలుసుకునే ఉంటారు కదా, వీడి తలకి బంతి అందనివ్వకూడదని? తెలిసీ ఐర్లండ్ ఆపలేకపోయింది, కామెరూన్ ఆపలేకపోయింది. అతనేమీ ఆకాశమంత ఎత్తు కూడా కాదు. 1.84 మీటర్లు. ఆ ఎత్తున్న సెంటర్ బ్యాక్‌లు ప్రతి టీములోనూ ఉంటారు.

#4 కుర్రకారు

నేను పుట్టింది 2005లో, కాబట్టి యూట్యూబ్ చూసే మాట్లాడుతున్నా. ఆ 16 గోల్స్ వరసగా పెట్టిన వీడియో చూశాను. నిజం చెప్పాలంటే బోర్ కొట్టింది. సగం గోల్స్ గోల్‌కి నాలుగైదు గజాల దూరం నుంచి. ఒక్క డ్రిబుల్ లేదు, బాక్స్ బయటి నుంచి ఒక్క తుపాకీ షాట్ లేదు. బంతి వస్తుంది, అతను అక్కడ ఉంటాడు, తోస్తాడు. అక్కడ నేనున్నా తోసేసేవాణ్ణి అనిపించింది 😅

#5 గోలీ గ్లవ్స్

తమ్ముడూ, 'అక్కడ నేనున్నా' అన్నావు చూడు, మొత్తం విషయం ఆ మాటలోనే ఉంది. అక్కడ నువ్వు ఉండవు. నేనూ ఉండను. ఉండాల్సిన డిఫెండరే ఉండడు.

నేను పదిహేనేళ్ళుగా ఆదివారం టీముల్లో గోల్‌కీపర్‌ని. గొప్ప కీపర్‌ని కాదు, తిన్న గోల్స్ లెక్క మాత్రం బాగా ఉంది. ఆ అనుభవంతో చెబుతున్నా: హెడర్లలో రెండు రకాలు. మొదటి రకంలో బంతి వచ్చి ఆటగాడి నుదుటికి తగులుతుంది, దాని వేగానికి అదే ఎటో పోతుంది. పైకి వస్తే చేతులెత్తి తోసేయొచ్చు. రెండో రకంలో ఆటగాడు బంతి కంటే ముందే గాల్లోకి లేచి, నడుము వెనక్కి వంచి, మెడతో కిందకి కొడతాడు. బంతి గోల్‌లైన్‌కి అర గజం ముందు నేలని తాకి లేస్తుంది. అది నా మోకాలి ఎత్తుకి వస్తుందో, చేతి కింద నుంచి పోతుందో నాకు తెలీదు. నేను కిందకి వంగేసరికి అది పైన ఉంటుంది. అలాంటిది నేను జీవితంలో ఒక్కటి కూడా సరిగ్గా పట్టలేదు.

క్లోజె మంచి హెడర్లన్నీ ఈ రెండో రకమే. మేకు దిగేసినట్టు కొడతాడు. (అతను కుర్రాడిగా వడ్రంగం నేర్చుకున్నాడు, కాబట్టి ఈ పోలిక నాకు భలే ఇష్టం.)

ఇంకోటి. హైలైట్స్ వీడియోలో బంతి క్రాస్ అవుతున్నప్పటి నుంచే చూపిస్తారు. అప్పటికే అతని పని ముప్పావు వంతు అయిపోయి ఉంటుంది. మొత్తం మ్యాచ్ పెట్టుకుని బంతిని వదిలేసి అతన్నొక్కణ్ణే చూడు. దగ్గరి పోస్ట్ వైపు రెండడుగులు వేస్తాడు, డిఫెండర్ కూడా వేస్తాడు. ఆగుతాడు. డిఫెండర్ ఒకసారి బంతి వైపు తల తిప్పుతాడు, ఎంతైనా మనిషి కదా, తిప్పక తప్పదు. ఆ అర సెకనులో క్లోజె అతని వీపు వెనక్కి జారిపోతాడు. ఇంక డిఫెండర్ వెతుక్కోవడమే. ఇలా ఒక్కో మ్యాచ్‌లో ఓ నలభై సార్లు చేస్తాడు. అందులో ముప్పై ఎనిమిది సార్లు బంతి రాదు. ఒక్కసారి విసుక్కోకుండా మళ్ళీ మొదటి నుంచి చేస్తాడు. నువ్వు చూసిన వీడియోలో మిగిలిన ఆ రెండే ఉంటాయి.

#6 లెక్కల మాస్టారు

గ్లవ్స్ గారూ, బాగా రాశారు. హెడర్ల సంగతి ఒప్పుకుంటున్నా. కానీ ఇదంతా 'పోచర్' (గోల్ ముందే కాచుకుని ఉండి బంతిని లోపలికి తోసే స్ట్రైకర్) అనే జాతి మొత్తానికి వర్తించే వాదనే కదా? ముల్లర్, ఇంజాగీ, ట్రెజెగే, అందరూ ఇదే చేశారు. ముల్లర్ జర్మనీకి 62 మ్యాచుల్లో 68 కొట్టాడు. క్లోజె ఆ 68ని దాటేసరికి 2014 జూన్, అర్మేనియాతో మ్యాచ్. అప్పటికి ముల్లర్ ఆడినవాటికి రెట్టింపు పైగా మ్యాచులు ఆడేశాడు. అదే పనిని సగం సమయంలో చేసినవాడు ఇంట్లోనే ఉంటే ఇక ప్రపంచ లిస్టు ఎందుకు?

#7 బెంచ్ మీదోడు

మాస్టారు చెప్పిన 'సగం సమయం' లెక్కలో ఒకటి కలపడం మర్చిపోయారు. క్లోజె ఎక్కడి నుంచి వచ్చాడో.

1978లో పోలండ్‌లోని ఓపోలెలో పుట్టాడు. నాన్న ఫుట్‌బాల్ ప్లేయర్, ఫ్రాన్స్‌లో ఓసేర్‌కి కూడా ఆడాడు. అమ్మ పోలండ్ జాతీయ హ్యాండ్‌బాల్ టీములో ఆడింది. ఎనిమిదేళ్ళప్పుడు జర్మనీలో కూజెల్ అనే చిన్న ఊరికి వచ్చి పడ్డారు. అప్పటికి పిల్లాడికి వచ్చిన జర్మన్ రెండు మాటలు. నాన్న పేరు చెప్పుకుని పెద్ద అకాడమీలోకి వెళ్ళిపోయాడనుకుంటున్నారా? లేదు. ఏడో డివిజన్‌లో పక్క ఊరి టీము, బ్లౌబాఖ్-డీడెల్‌కోఫ్‌కి ఆడుతూ, పగలు వడ్రంగం నేర్చుకునేవాడు. మంచాలూ కుర్చీలూ చేసే వడ్రంగం కాదు, ఇళ్ళ పైకప్పులకి దూలాలు బిగించే పని.

1998లో, అంటే ఇరవై ఏళ్ళు వచ్చాక, హోంబుర్గ్ పిలిచింది. అక్కడి నుంచి 1999లో కైజర్స్‌లాటర్న్, అదీ రిజర్వ్ టీములోకి. ఇరవై ఒక్క ఏళ్ళకి రిజర్వ్ టీము! ఈ రోజుల్లో పదహారేళ్ళకే ఏజెంట్లు తిరుగుతుంటారు. 2001 మార్చిలో అల్బేనియా మీద జర్మనీ తరఫున మొదటి మ్యాచ్, సబ్‌స్టిట్యూట్‌గా దిగి 88వ నిమిషంలో గెలుపు గోల్. మరుసటి ఏడాది ప్రపంచకప్. ఏడో డివిజన్ నుంచి ప్రపంచకప్ ఫైనల్‌కి నాలుగేళ్ళు.

నేను మా కాలేజీ టీములో మూడేళ్ళు బెంచ్ మీదే కూర్చున్నా (పేరు ఊరికే పెట్టుకోలేదు). అందుకేనేమో, ఇలాంటి ఆలస్యపు ఆటగాళ్ళంటే నాకు కాస్త పక్షపాతం. ముందే ఒప్పేసుకుంటున్నా.

#8 కుర్రకారు

వడ్రంగం సంగతి తెలీదు అన్నా. పోలండ్‌లో పుట్టాడు కదా, మరి వాళ్ళు పిలవలేదా?

#9 బెంచ్ మీదోడు

పిలిచారు. అప్పటి పోలండ్ కోచ్ యెజి ఎంగెల్ ప్రయత్నించాడు. క్లోజె జర్మనీకి ఆడాలనే అనుకున్నాడు, కొద్దిరోజుల్లో జర్మనీ కోచ్ రూడీ ఫోలర్ పిలుపు వచ్చింది కూడా. తర్వాత పొడొల్‌స్కీ కథా అంతే, అతనూ పోలండ్‌లో పుట్టినవాడే. 2006లో జర్మనీ ముందు వరుస మొత్తం ఆ ఇద్దరే. అదే గ్రూప్‌లో పోలండ్ కూడా ఉంది. వాళ్ళ అభిమానులకి ఎంత మండి ఉంటుందో!

#10 రెండో పసుపు కార్డు

సినిమా కథ బాగుంది. ఇప్పుడు క్లబ్ కెరీర్ మాట్లాడుకుందామా? స్ట్రైకర్‌ని రోజూ కొలిచేది క్లబ్‌లోనే కదా.

జర్మనీ లీగ్ బుండెస్‌లీగాలో మొత్తం 307 మ్యాచుల్లో 121 గోల్స్. కైజర్స్‌లాటర్న్‌కి 44, వెర్డర్ బ్రేమెన్‌కి 53, బయర్న్‌కి 24. వెర్డర్ రోజుల్ని నేనూ ఒప్పుకుంటా. 2005-06లో 26 మ్యాచుల్లో 25 గోల్స్, లీగ్ టాప్ స్కోరర్, ఆ ఏడాది జర్మనీ ఉత్తమ ఆటగాడు. వెనక నుంచి మికూ బంతులందిస్తుంటే చూడముచ్చటగా ఉండేది. ఆ ఒక్క సీజన్‌లో అతను ప్రపంచస్థాయి, సందేహం లేదు.

కానీ బయర్న్‌లో నాలుగేళ్ళు చూడండి. లీగ్‌లో 10, 10, 3, 1. చివరి రెండు సీజన్లలో కలిపి నాలుగు గోల్స్! పెద్ద క్లబ్‌లో, పెద్ద ఒత్తిడిలో తేలిపోయాడు. కోచ్‌గా వాన్ హాల్ వచ్చాక థామస్ ముల్లర్ (గెర్డ్ కాదు), ఒలిచ్, గోమెజ్ ఆడుతుంటే ఇతను వార్మప్ చేస్తూ ఉండేవాడు.

#11 సెంటర్ సర్కిల్

ఆ 3 గోల్స్ సీజన్ ఏది? 2009-10. అది అయిపోగానే ఏమొచ్చింది? దక్షిణాఫ్రికా ప్రపంచకప్. క్లబ్‌లో ఏడాదంతా బెంచ్ మీద కూర్చున్నవాడు అక్కడికెళ్ళి నాలుగు కొట్టాడు. అందులో మూడు ఇంగ్లండ్, అర్జెంటీనాల మీద, నాకౌట్‌లో. మధ్యలో సెర్బియా మ్యాచ్‌లో రెండో పసుపు కార్డు తిని 37వ నిమిషంలోనే బయటికి పోయాడు కూడా (మీ పేరు అక్కడి నుంచే వచ్చిందా ఏంటి?). ఒక మ్యాచ్ సస్పెన్షన్. తిరిగొచ్చీ రాగానే ఇంగ్లండ్ మీద గోల్.

ఆ గోల్ నాకు బాగా ఇష్టం. మన కీపర్ నోయర్ గోల్ కిక్ కొట్టాడు, బంతి మైదానం మొత్తం దాటి వెళ్ళింది. గోల్ కిక్ నుంచి నేరుగా వచ్చే బంతికి ఆఫ్‌సైడ్ (బంతి వేసే క్షణంలో చివరి డిఫెండర్‌ని దాటి గోల్ వైపు ఉండే తప్పు) ఉండదు, అది క్లోజెకి గుర్తుంది, ఇంగ్లండ్ డిఫెండర్లకి గుర్తులేదు. టెరీ, అప్సన్ మధ్య అంత ఖాళీ. అప్సన్ భుజంతో నెడుతుంటే పడిపోకుండా, కాలు చాపి బొటనవేలితో బంతిని కీపర్ పక్క నుంచి తోశాడు. అందంగా ఉండదు ఆ గోల్. సగం పడిపోతూ కొట్టింది.

అర్జెంటీనా మీద 4-0, అతని 100వ మ్యాచ్. అందులో రెండు గోల్స్.

#12 రెండో పసుపు కార్డు

పేరు అక్కడిది కాదులెండి, నా సొంత సంపాదన 😂

సరే, బయర్న్ అన్నాం కాబట్టి ఒకటి గుర్తుచేస్తా. ఎవరు క్లోజె గురించి రాసినా 'నిజాయితీపరుడు, నిజాయితీపరుడు' అని హారతి పడతారు. 2010 ఫిబ్రవరి, ఛాంపియన్స్ లీగ్, బయర్న్-ఫియొరెంటీనా. 89వ నిమిషంలో క్లోజె హెడర్, బయర్న్ 2-1. అతను ఆఫ్‌సైడ్‌లో ఉన్నాడు. బెత్తెడు కాదు, గజం పైనే. స్టేడియంలో పాప్‌కార్న్ అమ్మేవాడికి కూడా కనిపించింది, లైన్స్‌మన్‌కి తప్ప. రెండో మ్యాచ్‌లో ఫియొరెంటీనా 3-2తో గెలిచినా, రెండు మ్యాచులూ కలిపి స్కోరు సమానమై, ప్రత్యర్థి మైదానంలో కొట్టిన గోల్స్ లెక్కలో బయర్న్ ముందుకెళ్ళింది. అక్కడి నుంచి ఫైనల్ దాకా వెళ్ళారు. అప్పుడు రెఫరీ దగ్గరికెళ్ళి చెప్పలేదేం మన హరిశ్చంద్రుడు?

#13 పాత టీవీ

తెలియనివాళ్ళ కోసం ఆ హరిశ్చంద్రుడి బిరుదు ఎందుకొచ్చిందో చెబుతా. 2005లో వెర్డర్‌కి ఆడుతుండగా బీలెఫెల్డ్ మీద స్కోరు 0-0. కీపర్ తనని పడేశాడని రెఫరీ పెనాల్టీ ఇచ్చాడు. క్లోజె వెళ్ళి 'కాదు, అతను బంతినే ఆడాడు' అన్నాడు. పెనాల్టీ రద్దు.

2012 సెప్టెంబర్‌లో రోమ్ క్లబ్ లాజియోకి ఆడుతూ నాపోలీ మీద మళ్ళీ. మ్యాచ్ మొదలైన నాలుగో నిమిషం, కార్నర్. గుంపులో బంతి అతని చేతికి తగిలి గోల్‌లోకి పోయింది. రెఫరీ గోల్ ఇచ్చేశాడు. నాపోలీ ఆటగాళ్ళు చుట్టుముట్టి అరుస్తున్నారు. ఇతను రెఫరీతో 'చేయి తగిలింది' అని ఒప్పుకున్నాడు. గోల్ పోయింది. అంతసేపూ అరిచినవాళ్ళే వచ్చి చేతులు కలిపారు. మ్యాచ్ లాజియో 3-0తో ఓడిపోయింది, కవానీ హ్యాట్రిక్. నిజాయితీకి ప్రతిఫలం ఏంటంటే అదీ.

#14 రెండో పసుపు కార్డు

అందుకే అడుగుతున్నా. సెప్టెంబర్‌లో లీగ్ మ్యాచ్ కాబట్టి నిజం చెప్పాడు. ఛాంపియన్స్ లీగ్ నాకౌట్ కాబట్టి నోరు మూసుకున్నాడు.

#15 గోలీ గ్లవ్స్

అది అన్యాయం. చేయి తగిలిందో లేదో తగిలినవాడికి తెలుస్తుంది. ఆఫ్‌సైడ్ అలా కాదు. క్రాస్ వేసే క్షణంలో అందరి కంటే చివరి డిఫెండర్ ఎక్కడున్నాడో, నువ్వు బంతిని చూస్తూ గాల్లోకి లేస్తుంటే నీకెలా తెలుస్తుంది? అది చూడ్డానికే ఒక మనిషికి జెండా ఇచ్చి గీత పక్కన నిలబెట్టారు.

కాకపోతే, గజం పైగా ఆఫ్‌సైడ్ అయితే ఆటగాడికి 'ఏదో తేడాగా ఉందే' అని అనిపించే ఉంటుంది. అంతవరకు మీతో ఉన్నా.

#16 రెండో పసుపు కార్డు

'అంతవరకు' చాలు నాకు.

#17 మోడరేటర్

ఫియొరెంటీనా విషయంలో ఇద్దరి వాదనా అయింది కదా, ముందుకెళ్దాం. అలాగే ఈ థ్రెడ్‌లో రొనాల్డో అంటే బ్రెజిల్ రొనాల్డో అనే అర్థం. పోర్చుగల్ ఆయన అభిమానులు రాసిన మూడు కామెంట్లు వేరే థ్రెడ్‌కి మార్చాను.

#18 బెంచ్ మీదోడు

బయర్న్‌లో 'తేలిపోయాడు' అన్నదానికి నా జవాబు: తర్వాతేం జరిగిందో చూడండి. 2011లో, 33 ఏళ్ళకి, బయర్న్‌లో కొత్త కాంట్రాక్టు కుదరక ఫ్రీగా లాజియో వెళ్ళాడు. అందరూ రిటైర్మెంట్ టూర్ అనుకున్నారు. అక్టోబర్‌లో రోమా మీద డెర్బీ (ఒకే ఊరి రెండు క్లబ్‌ల పోరు), స్కోరు 1-1, 93వ నిమిషం. గెలుపు గోల్ ఎవరిదో చెప్పక్కర్లేదు. రోమ్‌లో డెర్బీ గెలిపిస్తే ఊళ్ళో ఆ ఏడాదికి కాఫీ డబ్బులు ఇవ్వక్కర్లేదంటారు.

2013 మేలో బొలోన్యా మీద 6-0, అందులో ఐదు ఇతనివే. ఇటలీ లీగ్‌లో ఒక్కడే ఐదు కొట్టడం 1986 తర్వాత అదే మొదటిసారి. అప్పటికి అతనికి నెల తక్కువ 35 ఏళ్ళు! అదే నెలలో కోపా ఇటాలియా ఫైనల్లో రోమాని కొట్టి కప్పు కూడా తెచ్చుకున్నారు. ఐదేళ్ళలో ఆ ఇటలీ లీగ్‌లో ('సిరీ ఆ') 54 గోల్స్. ఇటలీ డిఫెండర్ల మధ్య, ఆ వయసులో.

బయర్న్‌లో ఆడనివ్వలేదు గానీ ఆడలేక కాదు.

#19 లెక్కల మాస్టారు

లాజియో లెక్క మంచిదే. నేనే తక్కువ వేసుకున్నా, చూశాక తెలిసింది. ఒక మెట్టు పైకి జరుపుతున్నా.

కానీ నా అసలు ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. 1998లో, 2002లో డిఫెండర్లు రాత్రి పడుకోబోయే ముందు రొనాల్డో గురించి టెన్షన్ పడేవాళ్ళు. క్లోజె గురించి ఎవరైనా పడ్డారా? గొప్ప స్ట్రైకర్ అంటే నా దృష్టిలో ఒంటరిగా మ్యాచ్ లాగేసేవాడు. రొనాల్డోకి హాఫ్‌లైన్ దగ్గర బంతి ఇస్తే చాలు. క్లోజెకి ముందు షనైడర్ క్రాస్ వేయాలి, బలాక్ క్రాస్ వేయాలి, ఓజిల్ ఫ్రీకిక్ వేయాలి.

#20 గోలీ గ్లవ్స్

డిఫెండర్లు రొనాల్డో గురించి పడుకోబోయే ముందు టెన్షన్ పడతారు, క్లోజె గురించి మ్యాచ్ అయ్యాక పడతారు. 'నా వెనకే ఉన్నాడే, ఎప్పుడు పోయాడు?' అని.

మాస్టారూ, నేను రొనాల్డో కంటే గొప్ప అనట్లేదు. ఎవరూ అనట్లేదు. కుడి మోకాలు రెండుసార్లు పోగొట్టుకుని తిరిగొచ్చి 2002లో 8 గోల్స్ కొట్టినవాడితో పోటీ ఏంటి? అడిగింది లిస్టులో చోటు గురించి.

#21 కుర్రకారు

గ్లవ్స్ అన్న చెప్పినట్టు బంతిని వదిలేసి చూశాను. 2006 క్వార్టర్ ఫైనల్, అర్జెంటీనా. 49వ నిమిషంలో అయాలా గోల్‌తో అర్జెంటీనా 1-0. జర్మనీకి ఏమీ దొరకట్లేదు. 80వ నిమిషంలో బలాక్ ఎడమ పక్క నుంచి క్రాస్ వేశాడు, బొరోవ్‌స్కీ తలతో పక్కకి తట్టాడు, క్లోజె హెడర్, కింద మూలకి. తర్వాత పెనాల్టీల్లో జర్మనీ 4-2.

ఇంతకుముందు చూసినప్పుడు క్రాసూ హెడరూ తప్ప ఏమీ కనిపించలేదు. ఈసారి నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూశా. బంతి బొరోవ్‌స్కీ తలకి తగలకముందే క్లోజె కదిలిపోయాడు. అంటే అది అటే వస్తుందని పందెం కాసేశాడు. చుట్టూ ఉన్నవాళ్ళందరూ బొరోవ్‌స్కీనే చూస్తున్నారు.

ఇంకో నాలుగు చూసి చెప్తా. ఆ 'నేనున్నా తోసేసేవాణ్ణి' కామెంట్ డిలీట్ చేయాలా?

#22 గోలీ గ్లవ్స్

ఉంచు. అది లేకపోతే నా పెద్ద పోస్ట్‌కి అర్థం ఉండదు.

ఘనా గోల్ కూడా చూడు, 2014ది. 69వ నిమిషంలో సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు, జర్మనీ 1-2 వెనకబడి ఉంది. 71లో కార్నర్, హోవెడెస్ తలతో తట్టింది దూరపు పోస్ట్ దగ్గర కాలు చాపి లోపలికి తోశాడు. 15వ గోల్, రొనాల్డోతో సమానం. 36 ఏళ్ళ వయసులో మళ్ళీ ఆ పల్టీ కొట్టాడు, దిగడం మాత్రం సరిగ్గా దిగలేక తూలాడు. నేను టీవీ ముందు గట్టిగా నవ్వేశా, ఆ తర్వాత ఎందుకో కళ్ళు చెమ్మగిల్లాయి.

#23 సెంటర్ సర్కిల్

ఆ టోర్నీలో జర్మనీ టీము మొత్తానికి అసలైన స్ట్రైకర్ అతనొక్కడే. మిగతావాళ్ళందరూ మిడ్‌ఫీల్డర్లో, అటూ ఇటూ కలిసిన వాళ్ళో. అల్జీరియా మ్యాచ్‌లో అసలు దించనే లేదు. ఫ్రాన్స్ మ్యాచ్ నుంచి మొదటి పదకొండులోకి వచ్చాడు.

బ్రెజిల్ మీద గోల్ కూడా చూస్తే అంతే, మొదటి షాట్ జూలియో సీజర్ ఆపేశాడు. వెనక్కొచ్చిన బంతిని మళ్ళీ కొట్టాడు. ప్రపంచ రికార్డు గోల్ ఒక రిబౌండ్! మనకి అర్ధరాత్రి దాటాక ఒకటిన్నరకి మొదలైంది ఆ మ్యాచ్. నేను రెండు కాకముందే టీ పెట్టుకుందామని లేచి, నీళ్ళు మరిగేలోపు మూడు గోల్స్ మిస్సయ్యాను.

ఫైనల్లో 88వ నిమిషంలో బయటికొచ్చాడు, బదులుగా గోట్సె దిగాడు. 113లో గోల్ అతనిది. ఆగస్టులో క్లోజె జర్మనీకి ఆడటం మానేశాడు, 2016 నవంబర్‌లో మొత్తానికే. తర్వాత కోచింగ్: జర్మనీ టీము సిబ్బందిలో, బయర్న్ కుర్రాళ్ళ దగ్గర, ఆస్ట్రియాలో ఆల్టాఖ్‌లో, 2024 నుంచి నూరెంబర్గ్‌లో.

#24 రెండో పసుపు కార్డు

కోచ్‌గా లైన్స్‌మన్ల మీద అరుస్తుంటాడా అని నా సందేహం. ఫియొరెంటీనా వాళ్ళు వింటే బాగోదు.

#25 మోడరేటర్

🙄

#26 సెంటర్ సర్కిల్

మాస్టారూ, తేల్చండి. లిస్టులో ఎక్కడ పెడతారు?

#27 లెక్కల మాస్టారు

1990 తర్వాత ఆడిన స్ట్రైకర్ల వరకే అయితే, నిన్నటిదాకా నా లిస్టులో ఇరవైలోపు లేడు. లాజియో లెక్కా, కుర్రకారు చూసిన ఆ అర్జెంటీనా గోలూ కలిపి, పన్నెండో స్థానం.

#28 బెంచ్ మీదోడు

పది?

#29 లెక్కల మాస్టారు

పన్నెండు. పైన ఉన్నవాళ్ళలో ఒకణ్ణి మీరు దించండి, అప్పుడు చూద్దాం. మొదటి పేరు ఇంజాగీ. కానివ్వండి.